నాది ఉంచు

నేను తయారుచేసిన ప్రోగ్రాం ఒకటి ఆరు వారాలపాటు అబద్ధం చెప్పింది. మర్యాదగా, మంచి తెలుగులో, చివర ‘అండి’ చేర్చి మరీ చెప్పింది. ఆ సంగతి నాకు తెలిసేసరికి పొదిలి అవతలి ఊళ్లలో మిరప పూత నేల మీద పడి ఉంది.

గుంటూరులో మిరప యార్డుకు వెళ్లే దారిలో, ఒక మేడ మీద రెండు గదులు మా ఆఫీసు. సరుకు దిగే రోజుల్లో కిటికీలు మూసుకున్నా ఘాటు లోపలికి వచ్చేది. తుమ్ముకుంటూనే పనిచేసేవాళ్లం. ప్రతి శుక్రవారం పొద్దున రైతుల ఫోన్లకు ఆ వారం పంట సలహా వినిపించడం మా పని. ఊళ్లలో తిరిగే ఉద్యోగులు చేలు చూసి, ఏ తోటలో ఏ తెగులుందో గురువారానికల్లా రాసి పంపాలి. ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. ఉద్యోగమంతా వ్యవసాయశాఖలో చేసి రిటైరైన మనిషి. మేం సారు అనేవాళ్లం. ఆయన ఆ రాతలు చదివి, ఏ ప్రాంతానికి ఏం చెప్పాలో ఖాయం చేసేవారు. ఆ మాటల్ని ఏ ప్రాంతం ఉద్యోగి ఆ ప్రాంతానికి తన గొంతుతో చదివి పంపితే, అవి ఫోన్లకు వెళ్లేవి. అంతమందిలో ప్రోగ్రాములు రాసేది నేనొక్కదాన్నే.

నేను చేరకముందు ఈ రాతలన్నీ వాట్సాప్‌లో తిరిగేవి. ‘ఫైనల్’, ‘ఫైనల్ రెండు’, ‘అసలు ఫైనల్’ అని పేర్లు పెట్టుకునేవారు. ఒకసారి పాత వారం సలహా కొత్త వారం వెళ్లిపోయిందట. అందుకని ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడే ఒక వ్యవస్థను తెచ్చి పెట్టాను. ఎవరు, ఎప్పుడు, ఏ మాట మార్చారో అది గుర్తుపెట్టుకుంటుంది. మారిన మాటను మళ్లీ వెనక్కి తెచ్చుకోవచ్చు. మా దగ్గరున్నవి పాత లాప్‌టాప్‌లు, ఊళ్లలో సిగ్నలు అంతంతమాత్రం. అందుకే బొమ్మలూ బటన్లూ లేకుండా, తెర మీద తెరుచుకునే నల్లటి కిటికీలో ఆజ్ఞ టైపు చేసి పని చేయించుకునే పద్ధతే మిగిలింది.

సారుకి ఆ నల్ల కిటికీ అంటే భయం. ఒకరోజు నన్ను కేకేసి, వేలు తెరకు తాకకుండా దూరం నుంచే చూపించారు.

“అమ్మాయ్, ఇదేంటి, ఫేటల్ అంటుంది? ఫేటల్ అంటే ప్రాణం పోయేది కదా?”

“అలాంటిదేం కాదు సార్. మీరు వేరే ఫోల్డరులో ఉన్నారంతే.”

“మరి ఆ మాట చెప్పొచ్చుగా! ఇందాక ‘డిటాచ్డ్ హెడ్’ అని, నా తల ఊడిందని కూడా అంది.”

నవ్వాను. కానీ ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన టైపు చేసేముందు ఒక క్షణం ఆగి ఊపిరి బిగబట్టడం గమనించాను. మిగతావాళ్లూ అంతే. ఏదైనా ఇంగ్లీషు వాక్యం ఎర్రగా కనిపిస్తే చాలు, లాప్‌టాప్ మూసేసి నాకు ఫోను చేసేవారు. వీళ్లందరికీ సులువుగా ఉండేలా ఆ వ్యవస్థ మీద ఇంకో పొర కట్టాలని అప్పుడే అనుకున్నాను.

దాన్ని ఎంత ఇష్టంగా చేశానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆజ్ఞలు కూడా తెలుగు లిపిలోనే పెట్టాలని మొదట అనుకున్నాను. ఆ నల్ల కిటికీలో కొమ్ము ఒక చోట, ఒత్తు ఒక చోట పడి, ‘తెచ్చుకో’ అని కొడితే ఏవో ముక్కలు కనిపించేవి. చివరికి ఆజ్ఞలు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలుగా పెట్టి, జవాబులు వచ్చే చోట మాత్రం తెలుగు సరిగ్గా కనిపించేలా వారం రోజులు కుస్తీ పట్టాను. ‘తెచ్చుకో’ అని కొడితే ఆఫీసులో ఉన్న తాజా రాతలు వస్తాయి. ‘దాచు’ అంటే మనం రాసింది భద్రమై ఆఫీసుకు చేరుతుంది. ‘చూపు’ అంటే ఎవరెవరు ఏం మార్చారో వరసగా కనిపిస్తుంది.

‘దాచు’ అనే మాట నాది కాదు. పొదిలి వైపు ఊళ్లు చూసే ఆవిడ ఇచ్చింది. డిగ్రీ చదివి, పెళ్లయి, అక్కడే మిరప, కంది వేసే ఇంట్లో ఉంటున్న మనిషి. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. ట్రైనింగుకి గుంటూరు వచ్చినప్పుడు నేను ‘భద్రపరచు’ అని పెట్టుకుని ఉంటే, చూసి తల అడ్డంగా ఊపింది.

“అట్టా ఎవరంటారు మేడం? ఇంట్లో ఏదన్నా పోకుండా ఉండాలంటే దాచమంటాం గదా. దాచు అని పెట్టండి.”

పెట్టాను. పని అయ్యాక తెర మీద ‘దాచానండి’ అని వచ్చేది. అది చూసి ఆవిడ చిన్నపిల్లలా సంబరపడింది. ఆ రోజే అంది, ఇక నోటుపుస్తకంలో రాసుకునే బాధ తప్పిందని.

అసలు చిక్కు ఇద్దరు ఒకే వాక్యాన్ని మార్చినప్పుడు వచ్చేది. అలాంటప్పుడు ఆ వ్యవస్థ రెండు వాక్యాలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి, చుట్టూ బాణం గుర్తులు కుమ్మరించి, మీరే తేల్చుకోండని వదిలేస్తుంది. సారు అది చూసి ఎవరో ఫైలు పాడుచేశారని రెండుసార్లు గాభరాపడ్డారు. ఆ బాణాల బదులు నేనొక ప్రశ్న పెట్టాను: ‘మీరూ ఇంకొకరూ ఒకే చోట రాశారండి. ఏది ఉంచమంటారు? ఒకటి, నాది ఉంచు. రెండు, అవతలివారిది ఉంచు.’ అంకె నొక్కితే చాలు. అందరికీ నచ్చింది. మొక్క నాటిన దగ్గర్నుంచి దసరా దాకా ఒక్క ఫోను రాలేదు. సారు ఊపిరి బిగబట్టడం మానేశారు.

దసరా ముందు ఆయన ‘చూపు’ కొట్టి, వరస చూసి మొహం చిట్లించారు. ఇద్దరి రాతలు కలిసిన ప్రతి చోటా గీతలు చీలి, మళ్లీ కలిసి కనిపించేవి.

“ఇది చిక్కుపడ్డ దారంలా ఉందమ్మా. ఒకదాని తర్వాత ఒకటి తిన్నగా రాదా?”

వస్తుంది. కలిపే పద్ధతి మారిస్తే గీత తిన్నగా వస్తుంది. సెలవుల్లో మార్చేశాను. పాత పద్ధతిలో ఊరి నుంచి వచ్చిన రాతను ఉంచుకుని, దాని మీదికి ఆఫీసు రాతను తెచ్చి కలిపేది. కొత్త పద్ధతిలో ఆఫీసు రాతను ముందు పరిచి, దాని మీద ఊరి రాతను పేరుస్తుంది. అప్పుడు లోపలి భాషలో ‘మనది’ అనేది తలకిందులవుతుంది. ముందు పరిచిన ఆఫీసు రాత ‘మనది’ అవుతుంది, ఊళ్లో కూర్చుని రాసిన మనిషిది ‘అవతలివారిది’ అవుతుంది. నా ప్రశ్నలో ఒకటి నొక్కితే మిగిలేది ఆ ‘మనదే’. ఈ తిరకాసు నాకు తెలియనిది కాదు. ఎప్పుడో చదివాను. చదివింది ఆ వేళ గుర్తు రాలేదు. మార్చాక పరీక్షించాను కూడా. ప్రశ్న వచ్చింది, ఒకటి నొక్కాను, ‘దాచానండి’ అంది. ఫైలు తెరిచి లోపల ఎవరి వాక్యం మిగిలిందో చూడలేదు.

గుంటూరు చుట్టుపక్కల ఊళ్లకు దీనివల్ల ఏమీ కాలేదు. అక్కడ సిగ్నలు బాగుండి, అందరి రాతలూ గురువారం మధ్యాహ్నానికే చేరేవి. పొదిలి ఆవిడ పొద్దు వాలేదాకా చేలమ్మట తిరిగి, ఇంటికొచ్చి, మేడ మీద ఒక మూల దొరికే సిగ్నలుతో సాయంత్రానికి పంపేది. మధ్యాహ్నానికి రాత రాని ఊళ్లకు ఆ చోట ‘మార్పు లేదు’ అని రాసి పెట్టడం సారుకి అలవాటు. తర్వాత అసలు రాత వస్తే దాని స్థానంలో అది పడుతుందని ఆయన ధీమా. కాబట్టి ప్రతి గురువారం ఆ ఒక్క మనిషికే నా ప్రశ్న ఎదురయ్యేది. ఆమె ఒకటి నొక్కేది. నాది ఉంచు. ప్రోగ్రాం ‘మార్పు లేదు’ను ఉంచి, ఆమె రాసింది పక్కకు తోసి, ‘దాచానండి’ అనేది.

రెండో వారం ఆమె ఫోను చేసింది. అప్పుడు నేను ఇంకేదో పనిలో ఉన్నాను.

“మేడం, నేను రాసింది మారిపోతాంది. పూతలో పురుగుందని రాసినా. పొద్దున చూస్తే మార్పు లేదని ఉంది. నా కంప్యూటర్లో కూడా అట్టే ఉంది.”

“మీరు దాచారా?”

“దాచినా. దాచానండి అని కూడా వచ్చింది.”

“అయితే చేరినట్టేనండి. పైన సారు చూస్తారు కదా, ఆయన ఆలోచించే మార్చి ఉంటారు.”

“ఆయన మార్చారా? సరే మేడం,” అని పెట్టేసింది. ఆ ‘సరే’లో ఉన్నది ఆ రోజు నాకు వినిపించలేదు. ఆ శుక్రవారం ఆమె గొంతే పొదిలి వైపు రైతులందరికీ ఫోనులో చెప్పింది, పూత బాగుందని, ఈ వారం మందు కొట్టే అవసరం లేదని.

నాలుగో వారం సారు నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

“ఆ పొదిలి అమ్మాయి ఊళ్లలోకి వెళ్తోందంటావా? నెలగా ఒక్క ముక్క రాలేదు ఆమె దగ్గర్నుంచి. అన్ని వారాలూ నేను రాసిందే కనిపిస్తుంది.”

నేను ‘చూపు’ కొట్టాను. గీత తిన్నగా, శుభ్రంగా వచ్చింది. దసరా తర్వాత ఆమె పేరు ఎక్కడా లేదు. ఆ తెరను సారు వైపు తిప్పాను. ఆయన నిట్టూర్చి, మంచి పిల్ల అనుకున్నానే అన్నారు. ఆమె రాశానన్న సంగతి, ఆయన అందలేదన్న సంగతి, రెండూ విన్నది ప్రపంచంలో నేనొక్కదాన్నే. రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు. తెర మీద కనిపించేది అంత శుభ్రంగా ఉంది మరి.

ఆ రోజుల్లో యార్డులో ఒక మాట తిరగడం మొదలైంది. టీ కొట్టు దగ్గర కమిషను వ్యాపారులు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. పడమటి వైపు తోటల్లో ఏదో కొత్త పురుగట, నల్లగా ఉంటుందట, పూలలో గుంపులుగా చేరుతుందట, ఏ మందు కొట్టినా లెక్కచేయడం లేదట. సారు ఆ మాట విని ఫైళ్లన్నీ మళ్లీ చూశారు. మా రాతల్లో అలాంటిదేమీ లేదు. “పుకారై ఉండాలి. ఉంటే మనవాళ్లు రాసేవారుగా,” అన్నారు. అని ఊరుకోలేకపోయారు. ఆరో వారం చివర్లో ఒక పొద్దున వచ్చి, పద, మనమే వెళ్లి చూద్దాం అన్నారు. ఆఫీసు కారులో ఇద్దరం బయలుదేరాం.

అద్దంకి దాటాక దారి పక్కన పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. ఎండ బాగా కాస్తోంది. సారు కిటికీలోంచి చేలనే చూస్తూ కూర్చున్నారు. ఆమెను మందలించాల్సి వస్తుందని ఆయన మనసు కష్టపెట్టుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

ఆమె చేను గట్టు మీద నిలబడి ఎదురుచూస్తోంది. వాళ్ల సొంత మిరప తోట అది. దూరం నుంచి పచ్చగానే ఉంది. దగ్గరికి వెళ్తే చివరి ఆకులన్నీ పడవల్లా పైకి ముడుచుకుని ఉన్నాయి. మొక్కల మొదళ్ల దగ్గర నల్లరేగడి మీద పూలు పడి ఉన్నాయి, సాళ్ల పొడుగునా. ఎక్కడా ఒక్క పిందె లేదు. ఆమె ఒక పువ్వు తెంపి, సారు అరచేయి పట్టి చాపించి, అందులో దులిపింది. నల్లటి నూకలాంటివి చేతి గీతల మీద గబగబా పరుగెత్తాయి. సారు చేయి వెనక్కి తీసుకోలేదు. కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశారు.

“తామర పురుగు,” అన్నారు చివరికి. “ఇంత ఎప్పుడూ చూడలేదు. ఎన్నాళ్లయింది?”

“నెల దాటింది సార్. మొదట రెండు తోటల్లోనే ఉన్నాయి. ఇప్పుడు కనుచూపు మేరంతా ఇదే.”

“ఇది నాకెందుకు రాయలేదమ్మా?” ఆయన గొంతు కోపంగా లేదు, బతిమాలుతున్నట్టుంది.

ఆమె ఆయన వంక తెల్లబోయి చూసింది. “రాయకపోవడం ఏంది సార్? వారం వారం రాసినా. మీరే గదా కొట్టేసింది.”

“నేనా?”

“మేడం చెప్పారు, మీరు మార్చారని. పెద్దాయన, నాకంటే తెలిసిన మనిషి, ఏదో ఆలోచించే తీసేశారనుకున్నా. ఫోనులో మీరు చెప్పమన్నది చదివి, మళ్లీ చేలకాడికి పోయి కనపడ్డవాళ్లకి నోటితో చెప్పినా, అది నమ్మబాకండి, మందు కొట్టుకోండి అని. కొందరు నవ్వినారు. ఫోనులో ఉండేది నీ గొంతే, ఇక్కడుండేదీ నీ గొంతే, ఏది నమ్మాలమ్మా అన్నారు.”

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. ఏం జరిగి ఉంటుందో ఆ క్షణానికే సగం తెలిసిపోయింది.

వాళ్ల ఇంటి వసారాలో కూర్చుని ఆమె లాప్‌టాప్ తెరిపించాను. వాళ్లత్తగారు మంచినీళ్లు తెచ్చి పెట్టి, ఎవరూ ముట్టుకోకపోవడం చూసి లోపలికి వెళ్లిపోయింది. నేను నా లాప్‌టాప్‌లో ఒక వాక్యం మార్చాను. అదే వాక్యాన్ని ఆమెను ఇంకోలా మార్చమన్నాను. ఆమె ‘దాచు’ కొట్టింది. ప్రశ్న వచ్చింది. ఆమె ఒకటి నొక్కింది. ‘దాచానండి’ అని వచ్చింది. ఫైలు తెరిచాను. నా వాక్యం ఉంది. ఆమెది లేదు.

“మళ్లీ చేయండి,” అన్నాను, నమ్మబుద్ధి కాక. మళ్లీ అదే.

“సారు తీసేయలేదు,” అన్నాను. “మీరు రాయకపోవడమూ కాదు. ఇది నేను చేసిన తప్పు.” ఏం తప్పో చెప్పాను. గీత తిన్నగా రావాలని ఏం మార్చానో, ‘నాది’ అన్నది ఎలా తారుమారైందో. సారుకి ఎంత అర్థమైందో తెలియదు. గీత అన్న మాట దగ్గర మాత్రం కళ్లు మూసుకున్నారు.

ఆ వ్యవస్థ పక్కకు తోసిన రాతలను వెంటనే పారేయదు. ఒక మూల కొన్నాళ్లు ఉంచుతుంది. వెతికితే ఆమె లాప్‌టాప్‌లో నాలుగు వారాలవి దొరికాయి. మొదటి రెండు వారాలవి లేవు. పాత లాప్‌టాప్‌లలో చోటు చాలదని, నాలుగు వారాలు నిండిన చెత్తను ఊడ్చేసే ఏర్పాటు ‘దాచు’లో నేనే పెట్టాను. కాగితం మీద రాసుకున్నవి ఏమైనా ఉన్నాయా అని అడిగాను.

“అంతకు ముందు రాసుకునేదాన్ని. ఇది వచ్చినాక మానేసినా,” అంది. “దాచానండి అంటాందిగా.”

దొరికినవి వరసగా తెరిచి పైకి చదివాను. మూడో వారం: పువ్వుల్లో నల్ల పురుగులు, చెరువు కింద తోటల్లో కూడా. నాలుగో వారం: మందు కొట్టిన చోట రెండు రోజులకే మళ్లీ ఉన్నాయి, సారు ఒకసారి వచ్చి చూస్తే బాగుండు. ఐదో వారం: పూత రాలుతోంది, పురుగులకని జిగురు అట్టలు పెట్టిన పూటకే నల్లబడుతున్నాయి, దయచేసి చదవండి. ఆరో వారం రాతలో ఒక్క వాక్యమే ఉంది: మా తోటలోకి కూడా వచ్చాయి.

చదవడం అయ్యాక తెర మూశాను. సారు లేచి ఆమె ముందుకు వెళ్లి, “నిన్ను అనుమానించానమ్మా,” అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

ఆ మధ్యాహ్నమే హెచ్చరిక వెళ్లింది, అన్ని ప్రాంతాలకూ. గుంటూరు దగ్గరి ఊళ్లలో కొందరికి అది పనికొచ్చింది. పొదిలి అవతల చాలామందికి పనికి రాలేదు. సంక్రాంతి రాకముందే తోటలు పీకి, దున్ని, కొందరు మొక్కజొన్న వేశారు, కొందరు శనగ చల్లారు. ముందే తెలిసి ఉంటే నిలబడేవా? తెలియదు. ముందే తెలిసినా పోయిన ఊళ్లు కూడా ఉన్నాయని సారు నాకు పదేపదే చెప్పారు. అది నిజమే కావచ్చు. నన్ను ఓదార్చడానికి చెప్పి ఉండవచ్చు కూడా.

ఆ ప్రశ్నను తిరగరాశాను. ఇప్పుడు అందులో నాది, అవతలివారిది అన్న మాటలు లేవు. రెండు వాక్యాలూ పూర్తిగా, రాసినవాళ్ల పేర్లతో కనిపిస్తాయి. దాచాక లోపల ఏది మిగిలిందో ఆ వాక్యాన్నే చూపిస్తుంది. చదవడానికి కాస్త సమయం పడుతుంది. విసుగ్గా ఉందని ఒకరిద్దరు అన్నారు. ఉండనివ్వండి అన్నాను.

జరిగింది రైతులకు చెప్పి తీరాలని సారు పట్టుబట్టారు. పొదిలిలో ఒక రేకుల షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి నేనే చెప్పాను. తప్పు ఆవిడది కాదు, సారుది కాదు, నాది అన్నాను. తర్వాత వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు.

“అమ్మా, నువ్వొచ్చి ఒప్పుకున్నావు, అది మంచిదే. మరి రేపు శుక్రవారం ఫోను మోగితే, అందులో చెప్పేది సరైందని మాకు ఎట్టా తెలియాల?”

ఆయన నా వంక చూసి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆయన వెనక మరికొందరు.

పొదిలి ఆవిడ మా దగ్గర పని మానేసింది. నా మీద కోపం కాదని ఫోను చేసి చెప్పింది. ఆ గొంతుతో మళ్లీ వాళ్లకి ఏదీ చదివి వినిపించలేనంది. ఇప్పుడు అక్కడ ఇంకొకరు చేస్తున్నారు. ఎవరు ఎంతసేపు విన్నారో మాకు సోమవారానికి తెలుస్తుంది. పొదిలి వైపు చాలామంది మొదటి వాక్యం పూర్తికాకముందే పెట్టేస్తున్నారు. పోయిన శుక్రవారం కూడా అంతే జరిగింది. ఆ వారం వాళ్లకు పంపినది హెచ్చరిక. నేను మూడుసార్లు సరిచూసి పంపినది.